బాలస్వామి కుడికాలు

రోజూ పొద్దున్నే భాగమ్మ మొగుణ్ణి మంచం మీంచి నున్నటి చెక్క మీదుగా చక్రాల కుర్చీలోకి జరుపుతుంది. ఒక్కొక్క కాలే ఎత్తి పాదాల పలక మీద పెడుతుంది. చాయ్ గ్లాసు చేతికిచ్చి, కుర్చీని వాకిట్లోకి తోసి, రోడ్డు కనిపించేలా తిప్పుతుంది. రోడ్డు చూడకపోతే బాలస్వామికి చాయ్ దిగదు. ఇరవై ఒక్క ఏళ్లు తాండూరు నుంచి పరిగి మీదుగా పట్నం దాకా బస్సు నడిపిన మనిషి.

వాళ్ల ఇల్లు తాండూరు నుంచి యాలాల్ వైపు పోయే దారుల్లో ఒకదాని పక్కన ఉంది. ఇల్లు దాటగానే బస్సు ఆగే చోటు, అక్కణ్ణించి కొద్ది దూరంలో వాగు, వాగు మీద చిన్న వంతెన. రెండేళ్ల కింద ఇంటి రేకులు సరిచేస్తూ బాలస్వామి జారి వెల్లకిలా పడ్డాడు. నడుం విరిగింది. ప్రాణం నిలిచింది గానీ నడుం కింద వేడి లేదు, చలి లేదు, నొప్పి లేదు.

అయినా కుడికాలు ఊరుకోలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో వారం వాకిట్లో కూర్చుని ఉండగా అది ఒక్కసారి బిగుసుకుని, పలక మీంచి జారి, ముందుకు సాగి గాలిని తొక్కింది. రోడ్డు మీద బండల లోడుతో పోతున్న లారీ అక్కడికక్కడే ఆగింది. దాని వెనక మోటార్ సైకిలు ఆగింది, పక్కకు కూడా ఒరగలేదు. కాలు సడలగానే రెండూ కదిలి పోయాయి.

"డ్రైవర్ సాబ్ బ్రేక్ తొక్కిండు," అంది ఎదురింటి రాధమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.

అంతే. ఊరికి అది అలవాటైంది. ముసలివాళ్లు రోడ్డు దాటాలంటే బాలస్వామి ఇంటి ముందే దాటేవాళ్లు. ఒకసారి మొదటి వాన పడుతుండగా కాలు జారింది. రోడ్డు పొడుగునా చినుకులు గాల్లో నిలబడ్డాయి. పిల్లలు బయటికొచ్చి ఒక్కో చినుకునూ వేలితో తాకి చూశారు. భాగమ్మ ఆరేసిన బట్టలన్నీ తడవకుండా తీసుకొచ్చి లోపల పెట్టుకుంది. వాగు నీళ్లు మాత్రం ఎప్పుడూ అతని మాట వినలేదు. అవి వాటి దారిన అవి పోయేవి.

కష్టం వచ్చింది పోయిన చలికాలంలో. భాగమ్మ కుర్చీ తోసుకుంటూ దుకాణానికి పోతోంది. కాలు జారింది. ముందున్న చిన్న చక్రం వేళ్ల మీదికి ఎక్కి, పాదాన్ని కంకర మీద ఈడ్చుకుపోయింది. బాలస్వామికి తెలియలేదు. అతను కంది చేను పూత గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు. భాగమ్మ వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద రక్తం గీత గీసినట్టుంది.

ఏడు నెలలు పట్టింది ఆ పుండుకు. తాండూరులో కట్టు కట్టిన డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "స్పర్శ లేని కాలు. ఇంకోసారి గిట్ల అయితే వేళ్లు తీసెయ్యాల్సి వస్తది. మీదికి పోతే పాదం కూడా. పలక మీంచి కాలు కదలకుండ చూసుకో."

భాగమ్మ తువ్వాలతో కట్టింది. గంటలో వదులైంది. సైకిల్ ట్యూబుతో కట్టింది. అది చర్మాన్ని కోసుకుని ఎర్రటి వాత పెట్టింది. చివరికి తాండూరు బస్టాండు దగ్గర సీట్లు, సంచులు కుట్టే చంద్రప్ప దగ్గరికి కుర్చీతో సహా తీసుకుపోయింది. చంద్రప్పది సరిహద్దు అవతలి ఊరు. మాటలో కన్నడం కలుస్తుంది.

అతను చాలాసేపు నేల మీద గొంతుకూర్చుని బాలస్వామి పాదాల్నే చూశాడు.

"అక్కా, ఇది కట్టేసే పని కాదు. పలక మస్తు కిందికున్నది. కాలు ఏలాడుతున్నది. ఏలాడే కాలు జారకుంట ఎట్లుంటది? కాలుకు కూసునే జాగ చూపియ్యాలె."

ముందు పలకను రెండు వేళ్లంత పైకి బిగించాడు. తొడలు సీటు మీద సమంగా ఆనాయి, పాదాలు పలక మీద పూర్తిగా పరుచుకున్నాయి. మడమలు వెనక్కి జారకుండా రెండు గుండ్రటి పట్టీలు కుట్టాడు. పిక్కల వెనక అడ్డంగా ఇంకొకటి. పాదం మీదికి వెడల్పాటి పట్టీ, లోపల మెత్తటి ఉన్ని గుడ్డ, ఒక్క గుంజుతో ఊడే అంటుకునే అతుకు.

"దినానికి నాలుగుసార్లు ఇప్పి చర్మం చూడు, హౌదా? ఎర్రగైతే నా దగ్గరికి రా."

భాగమ్మ ఆ మాట తప్పలేదు. కాలు నిలిచింది. పుండు మానడం మొదలైంది. లారీలు ఆగకుండా పోయాయి, చినుకులు నేరుగా నేల మీద పడ్డాయి. కానీ బస్సు వచ్చినప్పుడల్లా పట్టీ కింద పాదం వణకడం భాగమ్మ చూసేది. అతను రోడ్డు మీంచి చూపు తిప్పుకుని చాయ్ గ్లాసులోకి చూసేవాడు.

ఆగస్టులో మూడు రోజులు ఆగకుండా వాన కొట్టింది. నాలుగో రోజు పొద్దున్న కాస్త సన్నగిల్లింది. భాగమ్మ చూరు కింద కుర్చీ వేసి, చక్రాలకు తాళం బిగించింది. వంతెన మీద నీళ్లు జానెడు ఎత్తున పారుతున్నాయి. ఏటా పారేవే.

ఎనిమిదింటికి తాండూరు నుంచి బస్సొచ్చింది. స్టీరింగు దగ్గర కొత్త డ్రైవరు. వెనక తలుపులో నాగరాణి. బాలస్వామి బస్సులో తొమ్మిదేళ్లు కండక్టరుగా చేసింది. కనిపిస్తే పలకరించకుండా పోదు.

"అన్నా, మంచిగున్నవా? వదినా, కాలెట్లున్నది?"

"మానుతున్నదమ్మా!" అని అరిచింది భాగమ్మ.

బాలస్వామి వినడం లేదు. వంతెన వైపు చూస్తున్నాడు. ఎడమ పక్క నీళ్లు ముందుకు పోవడం లేదు. గుండ్రంగా తిరిగి లోపలికి దిగుతున్నాయి. అవతల పైకొచ్చే నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ రంగు అతను రెండుసార్లు చూశాడు. కింద మట్టి కోసుకుపోయింది. పైన వంతెన ఉత్త పెచ్చులా నిలబడింది.

"ఆపుండ్రి!" అని అరిచాడు. నాగరాణి అప్పటికే బస్సు లోపలికి తిరిగింది; వానలో, ఇంజను మోతలో ఎవరికీ వినిపించలేదు. నాగరాణి రెండుసార్లు గంట కొట్టింది. బస్సు కదిలింది.

"భాగా, పట్టీ ఇప్పు."

భాగమ్మ ఉలిక్కిపడి అతని మొహం చూసింది. తర్వాత కాలు చూసింది. నిన్ననే కట్టు తీసేశారు. వేళ్ల మీద లేత చర్మం ఉల్లిపొరలా ఉంది.

"డాక్టరమ్మ ఏం చెప్పిందో యాదికున్నదా నీకు? కాలు పోతదయ్యా."

"నలభై మంది ఉన్నరు అండ్ల. ఇప్పు."

ఆమె వంగింది. ఏడు నెలలు కాపాడుకున్న పాదం అది. కళ్లు మూసుకుని ఒక్క గుంజు గుంజింది.

కుడికాలు పలక మీంచి జారి, నిటారుగా సాగి, వాకిట్లో బండ మీద దిగి తొక్కింది.

బస్సు ఆగింది. ముందు టైరు నీళ్లను తాకి ఆగింది. దాంతోపాటు వాన ఆగింది. వాకిట్లో, రోడ్డు మీద, బస్సు కప్పు పైన, కంటికి ఆనినంత మేర చినుకులన్నీ గాల్లో నిలబడ్డాయి. మబ్బు సందులోంచి కొద్దిగా వెలుగు దిగి ఒక్కో చినుకులో ఒక్కో దీపమైంది. వాగు మోత తప్ప ఇంకేమీ లేదు.

డ్రైవరు ఆక్సిలేటరు తొక్కాడు. ఇంజను అరిచింది, చక్రం కదల్లేదు. నాగరాణి తలుపులోంచి తొంగి చూసి, నిలబడ్డ వానను చూసి, బాలస్వామి కాలును చూసింది.

"అన్న బ్రేక్ తొక్కిండు. అందరు దిగుండ్రి. జల్ది!"

దిగారు. సంచులతో, పిల్లలతో, కోళ్ల బుట్టలతో ఒక్కొక్కరూ ఆ చినుకుల మధ్య నుంచి నడిచొచ్చారు. చినుకులు వాళ్ల నుదుళ్లకు తగిలి చల్లగా చిట్లాయి. మనుషులు నడిచిన మేర వానలో దారులు పడ్డాయి.

బాలస్వామి కాలు కొట్టుకోవడం మొదలైంది. మడమ బండకు రాసుకుంటోంది. రక్తం కనిపించగానే భాగమ్మ బురదలో చతికిలబడి, రెండు అరచేతులూ ఆ పాదం కిందికి దూర్చింది.

"తొక్కు. నా చేతుల మీద తొక్కు."

తొక్కాడు. ఆమె వేళ్లు బండకు నలిగాయి. పెదవి కొరుక్కుని బస్సు వైపు చూస్తూ దిగేవాళ్లను లెక్కపెట్టింది. చివరికి ఒక ముసలాయన్ను ఎత్తుకుని నాగరాణి దిగింది.

"అన్నా, అయిపోయిన్రు! డ్రైవరు వెనక గేరేసిండు. ఇడువు!"

కాలు సడలింది. వాన ఒక్కసారిగా కింద పడింది. బస్సు వెనక్కి దుమికి రాధమ్మ గోడ దగ్గర ఆగింది. వాగు మీద వంతెన మధ్యలోకి వంగి, చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగిపోయింది. అది ఉన్న చోట నీళ్లు ఒకసారి పైకి లేచి, సర్దుకుని, పారుతూ పోయాయి.

కొత్త డ్రైవరు వచ్చి బాలస్వామి కుర్చీ ముందు నిలబడ్డాడు. వంగి అతని మోకాళ్లకు చేతులు తాకించి పోయాడు. రాధమ్మ పెద్ద గిన్నెలో చాయ్ పెట్టింది. మధ్యాహ్నానికి ఎవరి దారిన వాళ్లు పోయారు.

దీపాలు పెట్టే వేళకు భాగమ్మ కుర్చీ ముందు పీట వేసుకుంది. తన వేళ్లకు గుడ్డ చుట్టుకుంది. మొగుడి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చూసింది. మడమ చర్మం రూపాయి బిళ్లంత లేచిపోయింది. మళ్లీ ఏడు నెలలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మందు సీసా మూత తీసి, దూది తడిపి గాయం మీద పెట్టింది.

"సస్... జర మెల్లగ," అన్నాడు బాలస్వామి. "మండుతున్నది."

భాగమ్మ చెయ్యి ఆగింది. తలెత్తి చూసింది. అతను కూడా తన పాదాన్నే చూస్తున్నాడు, ఎవరిదో కొత్త పాదాన్ని చూసినట్టు.

ఆమె సీసా వంచి, నెమ్మదిగా, ఇంకో చుక్క వేసింది.

"మండుతున్నదంటుంటే!" అన్నాడు.

భాగమ్మ ఇంకో చుక్క వేసింది.