సర్ గెర్వాస్‌కి ఎడమపక్క చోటు

"అమ్మగారూ, కాస్త వెల్లకిలా పడుకుని చూపిస్తారా? పొడవు కొలుచుకుంటాను," అన్నాడు శిల్పి హాలమ్.

నేను అప్పుడు చలికాలానికి పందిమాంసం ఉప్పులో వేస్తున్నాను. మోచేతుల దాకా ఉప్పే. కిందటేడు చనిపోయిన మా ఆయన సర్ గెర్వాస్‌కి మా ఊరి చర్చిలో నా సవతి కొడుకు ఆంబ్రోస్ సమాధి కట్టిస్తున్నాడు. దానిమీద ఆయన పాలరాతి బొమ్మ కవచంతో సహా పడుకుని ఉంటుంది. కుడిపక్క మొదటి భార్య సిబిల్, ఎడమపక్క నేను. నేనింకా బతికే ఉన్నానన్నది ఎవరికీ అడ్డంకిగా తోచలేదు.

చేతులు కడుక్కుని భోజనాల బల్లమీద పడుకున్నాను. ఇరవై రెండేళ్ళలో ఈ ఇంట్లో పట్టపగలు నడుం వాల్చడం అదే మొదటిసారి. చెప్పొద్దూ, హాయిగానే ఉంది.

హాలమ్ తాడుతో కొలిచి, తను గీసుకొచ్చిన కాగితం విప్పాడు. ఇద్దరు భార్యలకీ ఒకటే మొహం. "అందరికీ ఇలాగే చేస్తామమ్మగారూ, అంత దగ్గరికొచ్చి ఎవరు చూస్తారు?" అన్నాడు. నాకేం కోపం రాలేదు. కాపురానికొచ్చిన మొదటి ఏడాదంతా మా ఆయన నన్ను సిబిల్ అనే పిలిచారు, నేనూ పలికాను. వాచిపోయిన ఆయన కాళ్ళకు ఆరేళ్ళు కట్లు కట్టాను. కట్టు కాస్త బిగిస్తే "మొద్దు చేతులు" అనేవారు. కాగితంలో మాత్రం ఆ కాళ్ళు తిన్నగా, పిక్కలు బలంగా ఉన్నాయి.

సమాధి అడుగున పిల్లలు వరసగా మోకాళ్ళమీద ఉన్నారు. సిబిల్ కన్నవాళ్ళు నలుగురు, నేను కన్నవాళ్ళు ఇద్దరు. పురిట్లోనే పోయిన పిల్లల్నయితే పొత్తిగుడ్డల్లో చుట్టినట్టు చెక్కుతారు.

"ఇంకో ఆడపిల్ల ఉంది. పొత్తిగుడ్డల్లో పెట్టు," అన్నాను.

పక్కనే నిలబడి చూస్తున్న ఆంబ్రోస్ మొహం ఎర్రబడింది. "పిన్నీ, దానికి బాప్తిస్మం లేదు, పేరు లేదు. అలాంటిదాన్ని చర్చిలో ఎలా పెడతారు? మా పరువు తీస్తావా?"

బాప్తిస్మం ఎందుకు లేదో నాకు తెలుసు. పిల్ల ఊపిరందక నీలంగా మారుతుంటే మంత్రసాని మార్జరీ తనే బాప్తిస్మం ఇద్దామని నీళ్ళు చల్లబోయింది. గుమ్మంలోంచి మా ఆయన "ఆగు! అది పాదిరీ పని, ఆడవాళ్ళది కాదు," అని అరిచారు. పాదిరీని పిలిపించమని ఏడ్చాను. "ఆడపిల్ల కోసం ఇంత వానలో గుర్రాన్ని బయటికి తీయమంటావా? తగ్గనీ, చూద్దాం," అన్నారు. వాన తగ్గేసరికి పిల్ల చల్లబడిపోయింది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని ఆ మాట గొంతు పెంచకుండా ఆంబ్రోస్‌కి చెప్పాను.

"పోయినాక కూడా నాన్నగారిని వదలవా నువ్వు?" అన్నాడు.

అతనికి ఐదేళ్ళప్పుడు మశూచి సోకితే, మొహం గోక్కోకుండా రోజుల తరబడి చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఆ మొహం కేసి చూశాను. మచ్చ ఒక్కటి లేదు. నాకు ఏడుపు రాలేదు, అలసటగా అనిపించింది.

హాలమ్ గొంతు సవరించుకున్నాడు. "మరి మీ పేరు కింద, అమ్మగారూ... మీరు కన్నుమూసే తేదీ చెక్కడానికి చోటు ఖాళీగా వదులుతాను. అప్పుడెవరైనా వచ్చి చెక్కుతారు."

"వదిలెయ్," అన్నాను. దారికొచ్చానని ఆంబ్రోస్ సంతోషించాడు.

మిగిలిన మాంసానికి ఉప్పు పట్టించి, మార్జరీ ఇంటికి నడిచాను. పిల్లని పాతిపెట్టింది ఆమే. చర్చి గోడ అవతల, ఉత్తరం వైపు ముళ్ళపొదల్లో, బాప్తిస్మం లేని పసివాళ్ళను పెట్టే చోటుకి తీసుకెళ్ళి చూపించింది. ఆదివారం మా తమ్ముడు వస్తాడు, నా వీలునామా రాయిస్తాను, నన్ను ఇక్కడే పెట్టాలి అని ఆమెకు చెప్పాను.

మార్జరీ ఒక ముళ్ళకొమ్మ పక్కకి తీసి నేల చూసింది. "మరీ ఇరుకమ్మా, ఇక్కడ."

"ఇద్దరమేగా," అన్నాను. "సర్దుకుంటాం."