అరచుట్టు వదులు

ఆ ఐదంతస్తుల భవనంలో పొద్దున ఎనిమిదింటికి లిఫ్ట్ దగ్గర పెద్ద హడావిడి. ఆఫీసులకి పోయేవాళ్ళు, పిల్లల్ని బడికి లాక్కుపోయేవాళ్ళు, వాళ్ళ మధ్యలో ఎవరికో ఏదో ఒప్పుకునేవాళ్ళు. ఆ లిఫ్ట్‌ది అదో గుణం. ఎవరికైనా చెప్పి తీరాల్సిన మాటని కడుపులో పెట్టుకుని ఎక్కితే, ఆ మాట బరువు కూడా కలుస్తుంది. ఓవర్‌లోడ్ గంట మోగుతుంది, తలుపులు మూసుకోవు. రెండో అంతస్తు అత్తగారు ఒకసారి గంట మోగగానే దిగి, "నీ ఫోన్ తీసి చూశానమ్మాయ్, తప్పే" అని కోడలికి చెప్పి, మళ్ళీ ఎక్కి దర్జాగా వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దేన్నీ ఎక్కువకాలం దాచుకోలేరు. మిగతావాళ్ళు మెట్లెక్కుతారు, అంతే.

ఈ లిఫ్ట్‌ని చూసుకునే మెకానిక్‌ని అందరూ లిఫ్టాయన అంటారు. నలభై దగ్గరపడ్డ మనిషి. నెలకోసారి వచ్చి, పట్టాలకి నూనె పెట్టి, తలుపుల గాడిలో ఇరుక్కున్న చెత్త తీసి, బరువు కొలిచే సెన్సర్ స్క్రూ సరిచూసి పోయేవాడు. ఐదో అంతస్తులో ఒకావిడ ఒంటరిగా ఉంటుంది, కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని. అతను కళ్ళజోడు విరగ్గొట్టుకుని ఆవిడ షాపుకి వెళ్ళడం, ఆవిడ దాన్ని బాగుచేస్తూ "మీరు మా లిఫ్టాయన కదూ" అనడం, నెలకోసారి రావాల్సినవాడు వారానికి మూడుసార్లు రావడం, ఇదంతా భవనం మొత్తానికీ తెలుసు. రెండు నెలల్లో ఇద్దరూ "మీరు" నుంచి "నువ్వు"లోకి దిగారు.

అతనికి ఒక జబ్బుంది. పాత సంబంధం మిగిల్చిపోయిన జబ్బు, మర్మాంగం దగ్గర వచ్చే హెర్పీస్. ఏడాదికి మూడు నాలుగుసార్లు మంట మొదలై నీటిపొక్కులు లేస్తాయి, పదిరోజుల్లో మానిపోతాయి, మళ్ళీ వస్తాయి. ఆస్పత్రిలో ఆ గది బయట 'సుఖవ్యాధులు' అని బోర్డుంటుంది. ఆ పేరు పెట్టినవాడికి అది వచ్చి ఉండదు. డాక్టరమ్మ మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"ఇది పూర్తిగా పోదు. అయినా హాయిగా బతకొచ్చు. రోజూ మాత్ర వేసుకుని, కండోమ్ వాడుతూ, పొక్కులున్నప్పుడు దూరంగా ఉంటే అవతలి మనిషికి అంటుకోవడం బాగా తగ్గుతుంది. అసలు అంటుకోదని మాత్రం అనను, పొక్కులు లేనప్పుడూ అంటుకోవచ్చు. అందుకే చెప్పాలి. దగ్గరయ్యాక కాదు, ముందు."

అతను బుద్ధిగా తలూపాడు. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ భోజనానికి పిలిచింది. ఆ పిలుపు భోజనానికి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకుని లిఫ్ట్ ఎక్కాడు. గంట మోగింది. అరవై రెండు కిలోల మనిషి, ఒక్కడే. దిగి మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ మోగింది. మెట్లున్నాయి. కానీ మెట్లమీద వెళ్తే ఆవిడ తలుపు తీసి "అదేంటి, లిఫ్ట్‌లో రాలేదా" అంటుంది. ఆ భవనంలో ఆ ప్రశ్నకి అర్థమే వేరు. కాసేపు అటూ ఇటూ చూసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, సెన్సర్ స్క్రూని అరచుట్టు వదులు చేశాడు. గంట ఊరుకుంది.

ఆ రోజు పొక్కులు లేవు, కండోమ్ కూడా వాడాడు. అంతవరకూ నిజమే. ఆ నిజాన్నే పట్టుకుని మూడు వారాలు తనకి తాను సర్దిచెప్పుకుంటూ, ఆవిడ ఇంటికి వెళ్ళివస్తూనే ఉన్నాడు.

నాలుగో వారం మంట మొదలైంది. "ఒంట్లో బాగాలేదు" అని ఫోన్లో చెప్పాడు. ఆవిడ థర్మామీటరూ కమలాపళ్ళూ పట్టుకుని అతని గదికి వచ్చేసింది. జ్వరం లేకపోయేసరికి "పని ఎక్కువై ఉంటుంది, పడుకో" అని దుప్పటి కప్పి, ఒక్కో తొనకీ గింజలు తీసి మరీ చేతిలో పెట్టింది. అతనికి తన్ను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"మా లిఫ్ట్‌కి ఏదో అయింది, ఓసారి చూడు" అంది ఆవిడ. "ఈమధ్య ఎవరికీ గంట మోగట్లేదు. అత్తాకోడళ్ళు మళ్ళీ ఎడమొహం పెడమొహం. లోపల ఏముందో పైకి చెప్పేవాళ్ళే లేరు."

పొక్కులు మానిన సాయంత్రం వెళ్ళి స్క్రూ బిగించాడు. బిగించి, లోపల నిలబడ్డాడు. గంట మోగింది. షాపు నుంచి అప్పుడే వస్తున్న ఆవిడ ఆ మోతకి ఆగిపోయింది.

"నీ ఒక్కడికేనా?"

"నాకే. నీకో మాట చెప్పాలి."

మెట్లమీద కూర్చుని చెప్పాడు. జబ్బు పేరు, ఎప్పట్నుంచి ఉంది, డాక్టరమ్మ ఏమంది, ఏదీ తగ్గించలేదు. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వింది.

"ఆ ఆదివారానికే నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి లిఫ్ట్‌లోనే వచ్చావుగా?"

అతను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి మెట్టుమీద పెట్టాడు.

"లిఫ్ట్‌లో వచ్చావనే నేనేం అడగలేదు. పైన తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. గంట మోగలేదు, ఇంక భయం లేదు అనుకున్నాను."

"స్క్రూ వదులు చేశాను."

ఆవిడ లేచి నిలబడింది. "జబ్బు ఎవరికైనా వస్తుంది. స్క్రూ దానంతటది తిరగదు. మీరు వెళ్ళండి."

ఆ "మీరు" వినగానే అతనికి ప్రాణం పోయినంత పనైంది. లిఫ్ట్ ఆవిణ్ణి ఏ పేచీ లేకుండా తీసుకుపోయింది.

పన్నెండు రోజులు ఫోన్ లేదు. ఆస్పత్రి వరసలో ఆవిడ ఒక్కతే కూర్చున్నట్టు, ఆ బోర్డు చదువుతున్నట్టు మాటిమాటికీ అతని కళ్ళకి కట్టేది. తినబుద్ధయ్యేది కాదు. పదమూడో రోజు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "ఐదో అంతస్తు ఆవిడ ఎక్కితే గంట మోగుతోందన్నా. రెండ్రోజుల్నుంచీ పాపం మెట్లే. వచ్చి చూడు."

వెళ్ళేసరికి ఆవిడ రెండు సంచులతో లిఫ్ట్‌లో నిలబడి ఉంది. గంట మోగుతోంది. సెన్సర్ చూశాడు.

"సరిగ్గానే ఉంది."

"మీకు చేతనైన పనేగా. కాస్త వదులు చేయండి, వెళ్ళిపోతాను."

"చెయ్యను. సంచులిస్తే మెట్లమీద తెచ్చి గుమ్మం దగ్గర పెడతాను. లోపలికి రాను."

ఆవిడ సంచులు ఇవ్వలేదు, లిఫ్ట్ దిగనూ లేదు.

"పరీక్ష చేయించుకున్నాను. ఇప్పటికి ఏం లేదన్నారు. మూడు నెలలాగి మళ్ళీ రమ్మన్నారు. ఈ మూడు నెలలూ నేనొక్కదాన్నే భయపడుతూ కూర్చోవాలి, మీ వల్ల."

"నా వల్లే."

గంట ఆగలేదు.

"నాకు నమ్మకం పోయింది."

ఆగలేదు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. "నమ్మకం పోయింది, నిద్ర పోయింది. నువ్వు కూడా పోతే ఇంక నాకేం మిగులుతుంది?"

గంట ఆగింది. తలుపులు మూసుకున్నాయి. అతను చెయ్యి అడ్డుపెట్టలేదు, ఆ హక్కు తనకి లేదనుకున్నాడు.

లిఫ్ట్ ఐదులో ఆగింది. కాసేపటికి ఖాళీగా కిందికి వచ్చి తలుపులు తెరిచింది. లోపల ఐదో నంబరు మీట మీద దీపం వెలుగుతోంది. పైన దిగేముందు ఎవరైనా కింది మీటా ఐదో మీటా రెండూ నొక్కితే తప్ప అలా జరగదని ఆ పనిలో ఉన్నవాడికి వేరే చెప్పక్కర్లేదు. అతను ఎక్కాడు.

ఆ మూడు నెలలూ ఇద్దరూ కలిసే భయపడ్డారు.