కెప్టెన్ పళ్లకు తొడుగు

మామగారిది కట్టుడు పళ్లు చేసే పని. ఇంటి ముందు గదే ఆయన ల్యాబ్. హాకీ జట్టుకు కెప్టెన్ అయిన కోడలు ఆ ఇంటికొచ్చి ఏడాది కాలేదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం ఎక్కువ, మాటలు తక్కువ.

ఒక సాయంత్రం ఆమె పెదవి చిట్లి, ముందుపన్ను అంచు విరిగి ఇంటికొచ్చింది. దెబ్బ తగలకుండా పళ్లకు తొడుక్కునే మౌత్‌గార్డ్ షాపులో కొన్నది ఉంది గానీ, వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి పెట్టుకునే ఆ రకం వదులై జారిపోతుంది. తోటివాళ్లను కేకేయాలంటే తీసి చేత్తో పట్టుకోవాలి. అలా తీసినప్పుడే ఎవరిదో మోచెయ్యి తగిలింది.

డాక్టరు ఆ పన్ను సరిచేసిన మర్నాడు మామగారు కుర్చీ తుడిచి, "కూర్చోమ్మా, నీ పళ్లకు అచ్చు తీస్తాను. తొడుగు నేనే చేస్తా" అన్నారు.

చల్లటి ముద్ద నింపిన ట్రే పైపళ్లకు నొక్కగానే ఆమెకు డోకొచ్చింది. ఆయన చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"ముక్కుతో గాలి పీల్చు తల్లీ. అయిపోయింది, అయిపోయింది" అంటూ అది గట్టిపడేదాకా ఆయన కదల్లేదు.

ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి పళ్ల నమూనా చేశారు. రబ్బరులా వంగే ప్లాస్టిక్ రేకును వేడిచేసి, అది జారి వేలాడగానే నమూనా మీదికి దించారు. మిషన్ గాలి లాగేసరికి రేకు పళ్లకు అతుక్కుంది. చల్లారాక మందం కొలిస్తే, దెబ్బ తగిలే ముందుపళ్ల దగ్గరే సాగి పలచబడింది. పైన ఇంకో రేకు అతికించారు. మనసొప్పక మరొకటి.

కోడలు పెట్టుకుంది. పెదవులు మూతపడలేదు. "హాగుంది హాహయ్యా" అంది.

అత్తగారు పగలబడి నవ్వారు. "ఏవండీ, అది పళ్లకు తొడుగా, గోడకు సిమెంటా?"

"మొహమాటపడకమ్మా. ఎక్కడ ఇబ్బందో నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నారు మామగారు.

ఆమె తొడుగు తీసింది. "చెప్పమంటారా? వెనకంచు గొంతుకు తగులుతోంది. పైపెదవి లోపల ఒరుసుకుపోతోంది. కుడివైపు ఆనుతోంది, ఎడమవైపు ఆనట్లేదు. ఇక కేకల సంగతి దేవుడెరుగు!"

మామగారి మొహం వెలిగిపోయింది. "ఇదీ! ఇప్పుడు పని జరుగుతుంది."

ఈసారి రెండే రేకులు వాడారు. వెనకంచు కత్తిరించి, పెదవి ఒరుసుకునే చోట చిన్న గాడి తీసి నునుపు చేశారు. అడుగుభాగం కాస్త మెత్తబరిచి, ఆమెను మెల్లగా పళ్లు మూయమన్నారు. రెండువైపులా సమంగా ఆనింది.

"వెనక్కి రా! ఎడమకి, ఎడమకి!" అని ఆమె అరిచి చూసింది. అత్తగారు గరిటెతో పరుగెత్తుకొచ్చారు. "ఎవరికేమైంది?"

తర్వాతి మ్యాచ్‌కు ముగ్గురూ వెళ్లారు. ఆట సగం దాటాక ఎదుటి అమ్మాయి కర్ర కోడలి మూతికి ఫట్‌మని తగిలింది. మామగారు లేచి నిలబడ్డారు. ఆమె మొహం పట్టుకుని వంగిపోయింది. కాసేపటికి తొడుగు తీసి, నాలుకతో పళ్లు తడుముకుని, గ్యాలరీ వైపు తిరిగి మొత్తం పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. ఆయన కూలబడి, పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం తట్టారు.

మ్యాచ్ ఓడిపోయారు.

"అరిచి అరిచి గొంతు పోయింది మామయ్యా."

"పోనీలే, పళ్లున్నాయిగా." తొడుగును చన్నీళ్లతో కడిగి, కర్ర తగిలిన నొక్కును వేలితో తడిమారు. "ఇది ఇక వద్దు. కొత్తది చేస్తా."

"ఎరుపు రంగులో చేస్తారా? జట్టులో వాళ్లు కూడా అడుగుతున్నారు."

"రమ్మను, అందరినీ రమ్మను" అన్నారాయన, జేబుల్లో బండి తాళాలు వెతుక్కుంటూ.