మిద్దె దిగిన ఉసిరి

జహీరాబాద్ మిద్దెతోటల సంఘానికి ఏడాదిలో మూడు పండుగలు. మృగశిర కార్తె రాగానే ఒక సభ. ఎవరో ఒకరు మొక్కల గురించి మాట్లాడతారు, చివర్లో విత్తనాలు పంచుకుంటారు. చలికాలంలో ఒక వ్యాను మాట్లాడుకుని రాయికోడ్ వైపో మొగుడంపల్లి వైపో పోయి ఏదైనా మంచి తోట చూసొస్తారు. ఈ రెంటి నడుమ కార్తీకంలో వనభోజనాలు. సభలూ ప్రయాణాలూ ఎక్కడ జరిగినా, వనభోజనాలు మాత్రం ఏటా భాగీరథి ఇంటి మిద్దె మీదే. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద కూర్చుని తినాలి గదా, సంఘంలో మిద్దె మీద ఉసిరిచెట్టున్నది ఆమెకొక్కదానికే.

పెద్ద నీలం డ్రమ్ములో పెట్టిన అంటుమొక్క అది. ఎన్నో ఏళ్లుగా ఎరువు పోసి, కొమ్మలు కత్తిరించి, పిట్టగోడ కంటే బాగా ఎత్తుకు తెచ్చింది. దాని నీడ ఒక చాప వెడల్పుకు మించదు. అందుకే ఏటా కొందరు ఉసిరి కింద, మిగతావాళ్లు నీళ్లట్యాంకు కింద కూర్చుని తినేవాళ్లు. అయినా ఎవరూ వేరేచోట పెట్టుకుందామనలేదు. ఆ రోజు భాగీరథి పొద్దున్నే లేచి మిద్దె కడిగి, చెట్టు ముందు ముగ్గేసి, పట్టుచీర కట్టుకుని మెట్ల దగ్గర నిలబడేది. బట్టల దుకాణం నడిపే భర్త జగన్‌మోహన్ చూసి నవ్వేవాడు. "మన పెండ్లినాడు గూడ నువ్వు గింత తయారు గాలే" అనేవాడు.

ఈ ఏడు ఎండాకాలంలో పడకగది కప్పు నుంచి గార పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. మేస్త్రి వచ్చి కర్రతో కప్పంతా తట్టి చూశాడు. మిద్దె మీదకు పోయి కుండీల మధ్య తిరిగి వచ్చాడు.

"చెమ్మ పట్టిందమ్మా. వానలు ముదరకముందే బరువంత దించి మరమ్మతు చెయ్యాలె. కుండీలు తర్వాత ఎన్నన్న పెట్టుకోండ్రి గని, ఆ డ్రమ్ము మాత్రం ఇగ ఉండొద్దు."

 ఆ సాయంత్రం మొక్కలకు నీళ్లు పోస్తుంటే భాగీరథి చేతిలో గొట్టం అట్లాగే ఉండిపోయి, ఒక్క కుండీలోనే నీళ్లు నిండి పొర్లి కాళ్ల మీదికి వచ్చాయి.

మృగశిర సభ నాడు కుండీలన్నీ సంఘంవాళ్లకు పంచిపెట్టింది. వాళ్లు సంతోషంగానే తీసుకున్నారు, కాని కొంచెం మొహమాటంగా, దుఃఖంలో ఉన్న ఇంటి నుంచి ఏదో పట్టుకుపోతున్నట్టు. ఇక మిగిలింది ఉసిరి. సంఘం అధ్యక్షుడు రాజశేఖర్ ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన చెట్టు ఫోటోను ఫోనులో అటూ ఇటూ పెద్దది చేసి చూశాడు.

"ఇంకో మిద్దె ఎక్కిస్తే మళ్ల ఇదే కథ అమ్మా. దీన్ని ఇగ నేలలనే పెట్టాలె. ఎవరింట్ల జాగ ఉన్నదో చూడుండ్రి" అన్నాడు.

ఎవరింట్లో జాగా ఉందో అక్కడ అందరికీ తెలుసు. తెలిసే ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వెనక వరుసలోంచి గిరిజమ్మే అంది: "మా పెరట్ల పెట్టొచ్చు."

గిరిజమ్మ వాళ్లది కర్ణాటక సరిహద్దు కుటుంబం. భర్త రేవణసిద్ధప్ప బెల్లం వ్యాపారం చేస్తాడు. మొగుడంపల్లి పోయే దారిలో వాళ్ల ఇల్లు, వెనక ఎర్రమట్టి పెరడు. ఆమెకూ భాగీరథికీ పోయిన కార్తీకం నుంచి మాటల్లేవు. కిందటేడు మృగశిర సభలో మాట్లాడింది భాగీరథి. మందారానికి పట్టే పిండినల్లికి వేపనూనె, సబ్బునీళ్లు కలిపి కొట్టమని చెప్పింది. చప్పట్లు కొట్టారు. వర్షాకాలం పోయి వనభోజనాలు వచ్చాయి. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక గిరిజమ్మ లేచి, "భాగీరథి చెప్పిన మందు కొట్టకుండ్రి. నేను కొట్టిన. చెట్టు మాడిపోయింది" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. తన ఇంట్లో, తన చెట్టు కింద, తను వడ్డించిన అన్నం ముందు పెట్టుకుని! అప్పటిదాకా 'అక్కా' అని పిలిచే గిరిజమ్మను భాగీరథి ఆనాటి నుంచి 'గిరిజమ్మగారు' అనడం మొదలుపెట్టింది. తర్వాత అదీ మానేసింది.

ఇంటికి వచ్చాక భర్తతో ఖరాఖండిగా చెప్పింది. "ఆమె ఇంటికైతే పంపియ్యను."

"మరి ఏడ పెడ్తవు? నా దుకాణంల చీరెల నడుమ పెడ్తవా?"

"కొట్టేసి పొయ్యిల పెడ్త."

జగన్‌మోహన్ దుకాణం తాళాలు మేకుకు తగిలించాడు. "ఆమె మీద కోపం నీకు. చెట్టుకు లేదు గద" అన్నాడు మెల్లగా.

ఇంకో దారి దొరకక చివరికి భాగీరథి సరేనంది. తొలకరి పడ్డ వారంలో సంఘంవాళ్లు క్రేనూ ట్రాలీ ఆటో తీసుకుని వచ్చారు. దించాలంటే ముందు కొమ్మలు తీసెయ్యాలన్నాడు రాజశేఖర్. రంపం ఆడుతుంటే భాగీరథి వంటింట్లోకి పోయి, అవసరం లేకపోయినా అందరికీ మళ్లీ చాయ్ పెట్టింది. తిరిగి వచ్చేసరికి చెట్టు లేదు; డ్రమ్ములో నిలబెట్టిన మొద్దు ఉంది.

గిరిజమ్మ పెరట్లో గొయ్యి అప్పటికే తవ్వి ఉంది. డ్రమ్మును నిలువుగా కోసి తీశారు. లోపల మట్టి కనపడలేదు. వేళ్లే. డ్రమ్ము గోడ వెంట తాళ్లలాగా చుట్లు చుట్లుగా తిరిగి, ఒకదాని మీద ఒకటి పేనుకుపోయి, అచ్చం డ్రమ్ము ఆకారంలోనే ఉన్నాయి.  కాయలు చూసి, పచ్చటి ఆకు చూసి, చెట్టు సుఖంగా ఉందనుకుంది భాగీరథి ఇన్నాళ్లూ. అది లోపల దారి వెతుక్కుంటూ గుండ్రంగా తిరుగుతూనే ఉందన్నమాట. ఇప్పుడు గిరిజమ్మ ఏమంటుందో అని చెవులు రిక్కించింది.

గిరిజమ్మ వంగి ఆ వేళ్లను చేత్తో తడిమి చూసింది. "గింత ఇరుకుల గిన్నేండ్లు బతికిచ్చినవు" అంది. అంతే. ఎగతాళి ఉందేమోనని భాగీరథి ఆ మాటను దారి పొడుగునా తిప్పి తిప్పి చూసుకుంది. దొరకలేదు.

మళ్లీ ఆ ఇంటికి పోకూడదనే అనుకుంది. ఇంటి దగ్గర మరమ్మతు నడుస్తోంది. ఖాళీ మిద్దె మీద సిమెంటు పూత పూస్తున్నారు. సంఘం వాట్సాప్ గ్రూపులో జనం తను పంచిన మొక్కల ఫోటోలు పెడుతున్నారు. ఆమె చూసి, ఏమీ రాయకుండా ఫోను బోర్లా పెట్టేది. మొక్కల్లేనిదానికి మొక్కల సంఘంలో ఏం పని? పేరు తీసెయ్యమని రాజశేఖర్‌కు చెబుదామని రెండుమూడు సార్లు అనుకుంది కూడా.

అట్లాంటి రోజుల్లోనే ఒకనాడు పొద్దున గిరిజమ్మ ఫోను చేసింది.

"చెట్టు ఇగురు పెడ్తలేదు. బెరడు గీకి చూస్తె పైనంత ఎండినట్లున్నది. నాకేం సమజ్ అయితలేదు. నువ్వొక్కసారి రారాదు?"

గిరిజమ్మ ఎవరినీ సలహా అడిగే మనిషి కాదని సంఘమంతా ఎరిగిందే. భాగీరథి చెప్పులేసుకుని ఆటో ఎక్కింది.

పెరట్లో అడుగు పెట్టగానే చెట్టు మొదట్లో నీళ్లు నిలిచి కనిపించాయి. "రోజూ పోస్తున్నవా?" అంది, ఇన్ని నెలల మౌనం మరిచిపోయి.

"పొయ్యొద్దా? బతకాలె గద!"

"ఆకులే లేవు, అది ఏడ తాగుతది? వేళ్లు మురుగుతయి. వానలు పడుతున్నయి, సాలు. కొన్ని రోజులు దాని జోలికే పోవద్దు."

 గిరిజమ్మ పార తెచ్చి నీళ్లు పోయేలా కాలువ తీసింది. తర్వాత వెనక అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పల్లీల కారం తెచ్చి పెట్టింది. ఇద్దరూ ఎదురుగా మోడును చూస్తూ తిన్నారు. అరుగు పక్కన గోడవారగా ఖాళీ పాదు ఒకటి కనిపించింది. చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్లు అట్లాగే ఉన్నాయి.

"ఆడ ఏముండె?" అని అడిగింది భాగీరథి.

"మందారం. మా బిడ్డ అక్షత పెట్టింది, అత్తగారింటికి పొయ్యే ముందు. భాల్కి నుంచి వచ్చినప్పుడల్లా లోపలికి రాకముందే దాని దగ్గరికి పోతుండె పిల్ల. పిండినల్లి పట్టింది. నువ్వు చెప్పినట్లే నూనె, సబ్బు కలిపి కొట్టిన. మట్టమధ్యాహ్నం, నల్లి కనవడ్తదని. రెండోనాటికి ఆకంత ఉడికినట్లయింది. మళ్ల కొట్టిన, తక్కువైందేమో అని."

భాగీరథి చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది. ఎండ వాలినాకే కొట్టాలి. ఆ సంగతి ఆమెకు ఎంత అలవాటంటే, వేరేగా చెప్పాలని సభలో తోచనే లేదు.

"సాయంత్రం కొట్టాలెనక్కా" అంది. గొంతు తనకే వినపడనంత చిన్నగా వచ్చింది. "ఎండల కొడితే నూనె మాడగొడ్తది. నేను చెప్పలే ఆనాడు."

"చెప్పలే. ఇంకెవలన్న కొడ్తరేమో అని నేను లేచి చెప్పిన. నాకు సుతారంగ చెప్పుడు రాదు, నీకు ఎరికే. తినేకాడ చెప్పకుండ ఉండేదుండె."

 భాగీరథి ఆ ఖాళీ పాదు వైపే చూస్తూ ఉండిపోయింది. గిరిజమ్మ తనను నమ్మలేదని, పదిమందిలో పలచన చెయ్యడానికే లేచిందని ఇన్ని నెలలూ కుమిలింది. ఆ సభలో చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది తన మాట ప్రకారం చేశారు? ఇంటికి పోయి, చెప్పింది చెప్పినట్టు చేసింది ఈమె ఒక్కతేనేమో. నమ్మింది గనకే మొక్క పోయింది. ఈ లెక్కను ఇటు నుంచి ఎన్నడూ చూడలేదు తను.

"అక్షతకు ఏమని చెప్పినవు?" అని అడిగింది.

"చెట్టు ముసలిదైపోయిందని చెప్పిన. నీ పేరు ఎత్తలే."

ఆ తర్వాత భాగీరథి ఆ ఇంటికి పోని వారం లేదు. ఉసిరి కోసమే పోతున్నానని భర్తకు చెప్పేది. ఉసిరి దగ్గర చేసేందుకు ఏమీ లేదని జగన్‌మోహన్‌కు తెలుసు, అడగలేదు.

శ్రావణం చివర్లో మొదలు దగ్గర ఎర్రటి ఇగురు కనపడింది. రేవణసిద్ధప్ప దుకాణం నుంచి బెల్లం తెప్పించి వీధిలో అందరికీ పంచాడు. గిరిజమ్మ, భాగీరథి పక్కపక్కన గొంతుక్కూర్చుని దాన్ని చూశారు, వేలితో తాకడానికి భయపడుతూ.

రాజశేఖర్ వచ్చి కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ఆయన మొహం వాళ్లంత వెలగలేదు. "చెట్టు బతికింది గని, అంటు బతకలే అమ్మా. నాటు మొదలుకు అంటు కట్టిన అతుకు ఉంటది గద, దాని కింద నుంచి వచ్చింది ఈ ఇగురు. ఇది నాటు ఉసిరి. మీ పెద్ద కాయలు ఇగ రావు. చిన్నగ, వగరుగ కాస్తది, అది గూడ చాన ఏండ్లకు. కావాలంటే తీసేసి కొత్త అంటు పెట్టుకోవచ్చు."

భాగీరథి గిరిజమ్మ వైపు చూసింది. పెరడు ఆమెది. గిరిజమ్మ కూడా ఈమె వైపే చూస్తోంది, చెట్టు నీది అన్నట్టు.

ఇన్నేళ్లు తను పెంచిన చెట్టు పోయిందన్న మాటే ఇది. పైన కాసిన చెట్టు ఒకటి, కింద మోసిన చెట్టు ఇంకొకటి. ఆ కింది చెట్టును తను ఒక్కనాడూ చెట్టనుకోలేదు. దుఃఖం రాకపోలేదు. కాని ఆ మట్టిలో తలెత్తిన వేలెడంత ఇగురును పెరికెయ్యమనడానికి నోరు రాలేదు.

"కాయనియ్యండి సార్, ఎంత కాస్తె అంత" అంది.

"పచ్చడికి చిన్నకాయలే రుచి" అని గిరిజమ్మ వెంటనే అందుకుంది.

కార్తీకం వచ్చింది. వనభోజనాలు గిరిజమ్మ పెరట్లోనే. షామియానా వేయించారు, ఎందుకంటే ఎండిన మోడు కోసేశాక ఉసిరి అప్పటికి మోకాలెత్తు కూడా లేదు. దాని ముందు ముగ్గేసి దీపం పెట్టాక, కొత్తగా చేరిన ఒకామె చుట్టూ చూసి, "ఉసిరిచెట్టు ఏది?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఈసారి భాగీరథి కూడా నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

భోజనాలయ్యాక రాజశేఖర్ వచ్చే మృగశిర సభలో ఎవరు మాట్లాడతారని అడిగాడు. ఎవరూ లేవలేదు. భాగీరథి తల వంచుకుంది. తన దగ్గర ఒక్క కుండీ లేదు, ఏమని మాట్లాడుతుంది?

"భాగీరథి మాట్లాడుతది" అంది గిరిజమ్మ. "నేను పక్కన కూసుంట. ఆమె మరిచిపోయినయి నేను అడుగుత."

"నువ్వు అడుగుడంటే సభ పొద్దుగూకేదాక నడుస్తదక్కా" అంది భాగీరథి.

"నడవనియ్యి. ఎవలకు తొందర?"

సాయంత్రం స్కూటరు మీద వెనక్కి వస్తుంటే జగన్‌మోహన్ అడిగాడు. "వానలకు ఆగిన పని అయిపోయిందన్నడు మేస్త్రి. కుండీలు పెట్టొచ్చట. ఎన్ని తెమ్మంటవు?"

 దారి పక్క చెరుకు తోటల మీద చలి దిగుతోంది.

"ఒక్కటి తెండ్రి" అంది భాగీరథి. "మందారం కొమ్మ ఒకటి నాటి, వేళ్లు దిగినంక అక్కకు ఇయ్యాలె. అక్షత వేసవికి వస్తదట."