పుట్టగానే కూసిన సైరన్

సైనిక్‌పురిలో ఒక మేడ పై అంతస్తులో నడిచే ఆ ఆఫీసుకు పురుషోత్తం గారు యజమాని. ఆయనకు తెలియని విద్య లేదు. తనకు తెలియదన్న సంగతి తెలియకపోవడం వల్ల వచ్చిన ధైర్యం అది. ఆ ధైర్యం చూస్తే అక్కడ ప్రోగ్రాములు రాసే రజితకు ఒళ్లు మండేది. కానీ ఆమె ఆర్నెల్ల ప్రొబేషన్ ఆ శుక్రవారంతో ముగుస్తుంది, ఉద్యోగం ఖాయమని సంతకం పెట్టాల్సింది ఆయనే.

ఆమె తయారుచేసింది ఫ్యాక్టరీ సైరన్‌కు సాఫ్ట్‌వేర్ నకలు. కావాలంటే తీగ తగిలించి బల్ల మీద పెట్టిన నిజమైన సైరన్‌ను కూడా దానితో మోగించవచ్చు. ప్రోగ్రామ్ నడిపినప్పుడల్లా ఇలాంటి నకలు రెండు దశల్లో తయారవుతుంది. మొదటి దశలో ఊరికే పుట్టాలి. పేరు, లక్షణాలు ఉంటే చాలు, బయటి వస్తువు దేన్నీ ముట్టుకోకూడదు. ఏ తీగో, ఎంత శబ్దమో మనం చెప్పాకే రెండో దశ. తీగ పట్టుకోవడం, పరీక్షగా ఒక కూత వేయడం, కుదరకపోతే కుదరదని చెప్పడం అన్నీ అప్పుడే.

పురుషోత్తం గారికి ఇదంతా దండగ అనిపించింది.

"రెండుసార్లు షురూ చేసుడేందమ్మా? పుట్టంగనే పన్జెయ్యాలె," అంటూ రెండో దశలోని కోడ్ వరుసలన్నీ తన చేత్తోనే మొదటి దశలోకి ఎక్కించారు.

"సార్, ఉత్త లిస్టు అడిగితె సుత అది పుడతది. పరేషాన్ అయితది," అంది రజిత.

"నాకు చెప్తున్నవా?"

పురిటి బిడ్డకు డ్యూటీ వేసే మనిషికి ఎవరేం చెప్పగలరు? ఆయనకు ఇంకో ఆచారం కూడా ఉంది. ఫైలు ఎవరు రాసినా మొదటి వరుసలో 'రూపకల్పన: పురుషోత్తం' అని ఉండాల్సిందే. ఆర్నెల్లుగా రజిత పళ్లు కొరుకుతూ ఆ వరుస టైపు చేస్తూనే ఉంది.

శుక్రవారం క్లయింటు తరఫున సన్యాసిరాజు గారు వచ్చారు. "మోగించడం తరవాతండీ. ముందు ఏయే పరికరాలకు నకళ్లు చేశారో లిస్టు చూపించండి," అన్నారు.

లిస్టు కోసం ప్రోగ్రామ్ ఒక్కో నకలునూ పుట్టించి, లక్షణాలు అడిగి, పారేస్తుంది. సైరన్ వంతు రాగానే అది పుట్టీ పుట్టకముందే, మోగించి చూపడానికని తగిలించి ఉంచిన తీగ పట్టుకుని కాలనీ దద్దరిల్లేలా కూసింది. పారేసినా తీగ వదల్లేదు. ప్రోగ్రామ్ కుప్పకూలింది, కూత ఆగలేదు. చుట్టుపక్కల ఇళ్లలోని రిటైరైన మిలిటరీ పెద్దలు గేట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చివరికి రజితే పరుగెత్తి తీగ పీకేసింది.

"ఏటండీ ఇది?" అన్నారు సన్యాసిరాజు గారు.

"కొత్త పిల్ల సార్. రజిత రాసింది," అన్నారు పురుషోత్తం గారు, కాస్త కూడా తడుముకోకుండా.

రజిత తన ఉద్యోగం పోయిందనే అనుకుంది.

సన్యాసిరాజు గారు ఆ ఫైలు తెరిపించి, మొదటి వరుస పైకి చదివారు. "రూపకల్పన, పురుషోత్తం. అంటే తమరే కదండీ?"

పురుషోత్తం గారు ఫ్యాను వైపు చూశారు.

రజిత ఆ వరుసలను మళ్లీ రెండో దశలోకి దించింది. ఈసారి లిస్టు చప్పుడు లేకుండా వచ్చింది. "ఇకమీద మా పని ఈవిడే చూడాలండీ," అని చెప్పి సన్యాసిరాజు గారు వెళ్లారు.

పురుషోత్తం గారు సంతకం పెట్టక తప్పలేదు. కాగితం చేతికిస్తూ గొంతు తగ్గించి, "జెర ఆ ఫైల్ల నా పేరు తీసెయ్యమ్మా," అన్నారు.

రజిత కాగితాన్ని భద్రంగా బ్యాగులో పెట్టుకుంది.

"రూపకల్పన మీదే గద సార్. నేనెట్ల ముట్టుకుంట?"