మాడనివ్వని మాడ

చీపురు ఒక వేటు, దగ్గు ఒక విడత, మళ్లీ చీపురు. యాలం మాడ ఇప్పచెట్టు మొదట్లోంచి బయటికి ఎండాకులను నెట్టుకొస్తున్నాడు. పొడుగాటి వెదురుకర్రకు సన్నపుల్లలు కట్టిన చీపురు అది. చెయ్యి పట్టే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. ఆ రబ్బరు మీద అతని వేళ్లు గుంటలు చేసుకుని కాపురముంటున్నాయి. మనిషి కూడా చీపురుకు దగ్గరి చుట్టమే. పొడుగు, సన్నం, కొసన జుట్టు నలుదిక్కులకూ. కనుబొమ్మలు ఏనాటి మంటకో కమిలి, తిరిగి మొలవడం మరిచిపోయాయి. పళ్లు ఊడినా ఊడ్చడం మానలేదని ఊళ్లో అతని మీద ఒక మాట.

ఇప్పకూ నిప్పుకూ పలుకులో దూరం తక్కువ, అడవిలో ఇంకా తక్కువ. ఎండలు ముదిరే వేళకు, తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి, ఏరి ఎండబెట్టి అమ్ముకుంటారు. కింద ఎండాకు మందంగా పరుచుకుని ఉంటే పువ్వేదో ఆకేదో తెలియదు. అందుకని ముందురోజే చెట్టు కింద ఆకులకు ఒక అగ్గిపుల్ల అంటించేస్తారు. నేల నల్లగా బోసిపోతుంది, దాని మీద పూలు తెల్లగా తేలతాయి, పని సులువు. చిక్కల్లా ఏమిటంటే, ఏ చెట్టు ఎవరిదో మంటకు తెలియదు. ఈ చెట్టు కింద రాజుకున్నది గుట్ట మీది చెట్టు దాకా చుట్టరికం కలుపుకుంటూ పోతుంది.

హిందీ రాష్ట్రపు అంచున ఉన్న తెలుగు ఊరు గనుక, నిప్పు పెట్టవద్దని గోడల మీద హిందీలో రాశారు. మాడకు చదువు రాదు, చీపురు వచ్చు. అగ్గిపెట్టె తీసినవాళ్లతో తగువు పడడు. వాళ్ల చెట్టు కింద తానే ఊడ్చి పెడతాడు. ఎండాకాలానికని అటవీశాఖ పెట్టుకునే ఫైర్ వాచర్లకు ఈ పని జీతం. మాడకు ఆ మాట నడుమ ఒక 'వి' దూరి జీవితమైంది. పొగ కడుపునిండా మింగాడు గాని పొగడ్త రుచి ఎరగడు. మహా అయితే మద్దేడ్ సంతలో ఎవరో ఒకరు 'మాడ ఉండగా మాడదులే' అని నవ్వుతారు, అంతే.

ఈ చెట్టు సమ్మక్కది. మాడకు వరసకు వదిన. గంప బోర్లించి దాని మీద కూర్చుని, మోకాళ్లు పట్టుకుని, నోటితో పని చేయిస్తోంది.

"ఏంది మరిదీ, నేలకు దువ్వెన పెడుతున్నవా? పొద్దు నెత్తికెక్కింది. సగం కూడ కాలె."

"అయితది వదినె."

"అయితది అయితదనుకుంట నువ్వే అయిపోతవ్. నా కండ్లు కనపడవ్, నడుము వంగదు. పొద్దుగాల గంపెడు పువ్వు ఆకుల కిందనే మురిగింది. జెప్తున్న, మాపటికి నేల కనపడకపోతే గీస్త." నడుముకు దోపిన అగ్గిపెట్టెను తట్టి చూపించింది.

"గీస్తే గుట్ట పోతది."

"గుట్ట నాకు బువ్వ పెడ్తదా?"

"ఈ చెట్టు ఎవలది మరి? గుట్టది గాదా?"

 తగువులో ఓడేటప్పుడు అనే మాట ఒకటి సమ్మక్క దగ్గర తయారుగా ఉంటుంది. "పెద్ద ఆరిందా!"

ఆ పేరు మాడకు ఊరికే రాలేదు. దారిలో ఎవరు బీడీ పారేసినా ఆగి, వంగి చూసి, "ఆరిందా?" అని అడుగుతాడు. అడిగి అడిగి తానే ఆరిందా అయిపోయాడు.

అప్పుడు కమలేష్ మోటారుసైకిల్ వచ్చి ఆగింది. జగదల్‌పూర్ వైపు కుర్రవాడు, జీతమున్న వాచరు, అడవిలో నిప్పు ఆర్పేవాళ్ల సంఘానికి కార్యదర్శి. ఆ సంఘం అసలు పేరు చాలా పొడుగు, పలికేలోగా గుట్ట కాలిపోతుంది. కనుక హిందీవాళ్లు 'ఆగ్ సంఘం' అంటారు, తెలుగువాళ్లు 'ఆగు సంఘం' అంటారు. రెండూ ఒప్పే. కారకుడు మాడ, కారణం ఒక బస్సు.

వయసులో ఉండగా మాడ ఊరు విడిచి పోదామనుకున్నాడు. తర్లగూడ దగ్గర సరిహద్దు దాటి, అవతలి మిరపచేల పనికి, వీలైతే అక్కడే బతుకుకు. బట్టల మూటతో రోడ్డెక్కేసరికి బస్సు కదిలింది. "ఆగు! ఆగు!" అని అరుస్తూ వెంటపడ్డాడు. చెక్‌పోస్టు దగ్గరున్న హిందీ వాచర్లకు అది 'ఆగ్! ఆగ్!' అని వినపడింది. నిప్పు, నిప్పు! బిందెలతో, పచ్చికొమ్మలతో పరుగెత్తుకొచ్చారు. వాళ్లను చూసి ఊరివాళ్లూ వచ్చారు. నిప్పు లేదు, బస్సూ లేదు, మూటతో ఒక మాడ ఉన్నాడు. అందరూ పగలబడి నవ్వుతుండగా ఎవరో తలెత్తి చూస్తే గుట్ట మీద నిజంగానే పొగ లేస్తోంది. కొమ్మలు చేతిలోనే ఉన్నాయి కదా, పోయి బాది ఆర్పారు. జీతమున్నవాళ్లూ లేనివాళ్లూ అలా ఒక్క గుంపయ్యారు. బస్సు ఆగలేదు. మాడ ఆగిపోయాడు.

ఇప్పుడా గుంపుకు బీట పడింది. ఊరికే వచ్చేవాళ్లు ఉండగా మీకు జీతాలెందుకని పైవాళ్లు అంటున్నారట. అందుకని జీతమున్నవాళ్లే సంఘంలో ఉండాలని కొందరు పట్టుబట్టారు. ఇవాళ చెక్‌పోస్టు చెట్ల కింద తేల్చుకోవాలి.

"చలో కాకా, మీటింగ్ షురూ అయింది. నువ్ బోల్తేనే అందరు వింటరు."

"నేను బోల్తే సంఘం బోల్తా కొడ్తది," మాడ చీపురు మీద వాలి నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి జారింది.

"మజాక్ కాదు కాకా. నువ్ రాకపోతే నీ పేరే తీసేస్తరు."

మాడ ఊడ్చిన తూర్పు సగాన్ని చూశాడు. ఊడ్వని పడమటి సగాన్ని చూశాడు. సమ్మక్క నడుమును చూశాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది గాని అగ్గిపెట్టెను దాచలేదు.

"గిది ఇడిచి వస్తే వదినె గీస్తది, కమలేషూ. గంతమందికి మాట్లాడుడు నాకు రాదు. ఒక్కటి జెప్పు. ఆగ్ అని ఒర్లితే ఉరికొచ్చెటోడు సంఘపోడు. ఉరకనోడు గాడు. గంతే."

కమలేష్ బండి తిప్పుకుని వెళ్లాడు.

చీపురు మళ్లీ కదిలింది. వేటుకూ వేటుకూ మధ్య దగ్గు పెరిగింది, ఆ తర్వాత దగ్గు కూడా తగ్గింది. ఊపిరి లేకపోయినా ఊపు ఉండేది ఇన్నాళ్లూ. ఇప్పుడు ఊపు కూడా ఊపిరిని అప్పు అడుగుతోంది. తూర్పుకూ పడమరకూ సరిగ్గా నడుమ చీపురును పడుకోబెట్టి మాడ చెట్టు మొదలుకు ఆనుకున్నాడు.

"ఇంత కూసోని లేస్త వదినె."

"కూసో. నేనేమన్న తరుముతున్ననా?" సొరకాయ బుర్రలోంచి ఆకుడొప్పలోకి అంబలి వంచి అతని చేతికిచ్చింది. "బస్సెక్కి పోయి ఉంటె నాలుగు మిరపకాయలు ఏరుకుని సుఖంగ ఉండెటోనివి. ఈడ ఆకులు ఏరుకుంట..."

"మిరపకాయ మంట గాదా మల్ల?" అన్నాడు మాడ.

సమ్మక్క పడీపడీ నవ్వింది. కళ్లు తుడుచుకుని, ఈ మాటను సంతలో ఎవరికి చెప్పాలా అని లెక్కేసుకుంటూ, గొణుక్కుంటూ కూర్చుంది. కాసేపటికి ఏదో అడిగింది. జవాబు రాలేదు. తిరిగి చూస్తే అతని చేతిలో డొప్ప ఒరిగి ఉంది, అంబలి ఊడ్చిన నేల మీద సన్నగా పారుతోంది. మాడ గుట్ట వైపే చూస్తున్నాడు. రెప్ప మాత్రం వేయడం లేదు.

"ఆగు! ఓ మాడా, ఆగు! ఆగు!"

ఆ కేక చెక్‌పోస్టు దాకా పోయింది. అక్కడ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నవాళ్లు సగం మాటలో నోరు మూశారు. హిందీవాళ్లకు నిప్పని వినపడింది. తెలుగువాళ్లకు ఏమని వినపడిందో ఎవరూ అడగలేదు. జీతమున్నవాళ్లూ లేనివాళ్లూ దొరికిన పచ్చికొమ్మ విరుచుకుని ఒకే దారిన పరుగెత్తారు. కమలేష్ బండి మరిచి కాళ్లతోనే వచ్చాడు. ఇప్పచెట్టు దగ్గర రొప్పుతూ నిలబడి చూస్తే పొగ లేదు, మంట లేదు.

"ఆగ్ ఏది అమ్మా? ఎక్కడ ఆగ్?"

"ఆగలె బిడ్డా," అంది సమ్మక్క. "ఎంత ఒర్లినా ఆగలె."

 చేతుల్లో కొమ్మలున్నాయి, బాదడానికి మంట లేదు. మొదట ఎవరు వంగారో తెలియదు. ఒకడు పచ్చికొమ్మతో పడమటి సగంలో ఆకులు నెట్టాడు. పక్కవాడు నెట్టాడు. కొమ్మలు నేలను రాసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేల కనపడింది.

అతన్ని నిప్పుకు అప్పగించడానికి ఎవరికీ మనసొప్పలేదు. పొద్దుగూకకముందే మట్టికిచ్చారు. ఎవరు సంఘంలో, ఎవరు కాదు అన్న మాట ఆ రోజు మళ్లీ రాలేదు, తర్వాతా రాలేదు.

మర్నాడు వెలుగు పడుతుండగా సమ్మక్క గంప తీసుకుని వచ్చింది. అగ్గిపెట్టె ఇంట్లో పొయ్యి గట్టు మీదే ఉంది. చెట్టు కింద నేలంతా తెల్లగా పూలు. కళ్లు చికిలించుకోకుండానే కనపడుతున్నాయి. తూర్పు సగం ఏరింది, పడమటి సగం ఏరింది. నడుమ చీపురు నిన్న పడుకోబెట్టినట్టే ఉంది. పుల్లల సందుల్లోనూ, ట్యూబు మీద వేళ్లు చేసిన గుంటల్లోనూ పడిన పూలను మాత్రం ఆమె ముట్టలేదు.