మా ఆయన ఉపన్యాసం, నా జడ

మా ఆయన్ని వీధంతా రేడియో అంటారు. కటింగ్ షాపు ఆయనది. కుర్చీలో మనిషుండి, చేతిలో కత్తెర ఆడుతుంటే చాలు, లోకంలో సంగతులన్నీ గలగలా దొర్లించేస్తాడు.

ఆ రేడియో ఇంటికొస్తే మూగనోమే! నా ఎదురుగా కూర్చుని ఒక్క ముక్క మాట్లాడడు. ఏదైనా ముఖ్యమైన సంగతి కదపాలంటే నేను బీన్సూ చాకూ ముందు పెట్టాలి. తలొంచుకుని తరుగుతూ అప్పుడు చెప్తాడు. ఈ గుట్టు నాకొక్కదానికే తెలుసు.

మా వరసలో షాపులన్నీ తీసేసి కార్లు ఆపుకునే జాగా చేద్దామన్న మాట ఈమధ్య లేచింది. ఆదివారం సభ పెట్టి, వీధివాళ్లంతా చేతులెత్తి తేల్చాలన్నారు. మన తరఫున రేడియోనే మాట్లాడతాడని చెప్పుల షాపు బాబాయి ప్రకటించేసరికి నేను అడ్డుపడ్డాను.

"మీకేమైనా మతి పోయిందా బాబాయ్? ఈయన మాట్లాడేది మనుషులతో కాదు, వాళ్ల తలల వెనక భాగాలతో!"

"ఊరుకోమ్మా! పొద్దస్తమానం మా చెవులు తినేది ఎవరు మరి?" అని నవ్వేశాడు.

ఈయనేమో కాదనలేక తలూపి వచ్చాడు. ఆ షాపు పోతే మాకు వేరే ఆధారం లేదు. వారమంతా మంచంమీద అటూ ఇటూ దొర్లడం, లేచి బీన్సు తరగడం. తరిగింది ఆయన, తినలేక చచ్చింది నేను.

ఆదివారం బడి హాలు కిక్కిరిసిపోయింది. ఆ కార్ల జాగా కట్టే కాంట్రాక్టరు ముందుగా మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని దిగాడు. తర్వాత మా ఆయన మైకు ముందుకొచ్చి గుటక మింగాడు. ఆ గుటక హాలంతా వినబడింది. ఇంకో గుటక. చొక్కా జేబులో కత్తెర తడుముకుంటున్నాడు గానీ నోరు పెగలదే!

"ఏమయ్యా రేడియో, బ్యాటరీ అయిపోయిందా?" అని ఎవడో అరిచాడు.

నాకు ఒళ్లు మండింది. వాడి మీద కాదు, ఈయన మీదా కాదు, అలా ఒంటరిగా నిలబెట్టి చూస్తూ కూర్చున్నానే అని నామీద నాకే. లేచి విసవిసా వేదికెక్కాను. ఓ ప్లాస్టిక్ కుర్చీ లాగి, ఆయనకు వీపు పెట్టి కూర్చుని జడ విప్పాను. నడుం దాటిన జడ. ఆయన కత్తెరని ఇన్నేళ్లలో దాని దగ్గరికి రానిచ్చింది లేదు.

"కానివ్వండి," అన్నాను.

"ఏంటి కానిచ్చేది?"

"కటింగ్! చివర్లు మాత్రమే, జాగ్రత్త."

హాలు గొల్లుమంది. వెనకనుంచి దువ్వెన దిగింది, కత్తెర కిచకిచలాడింది. "ఇంత ఒత్తు జుట్టు మన వీధిలో ఇంకెవరికీ లేదండీ," అన్నాడు. హమ్మయ్య, రేడియో పలికింది!

ఇక పట్టపగ్గాల్లేవు. "కారు ఆపుకోడానికి జాగా చేస్తారు, బానే ఉంది. దిగి ఎక్కడికెళ్తారండీ? చెప్పు తెగిందా, కుట్టే షాపుండదు. జుట్టు పెరిగిందా, నేనుండను. దిగినవాళ్లు దిగినట్టే మళ్లీ కారెక్కాలి!"

అందరూ పడీపడీ నవ్వుతున్నారు, నేను తప్ప. చివర్లు ఎప్పుడో దాటిపోయాయి. వీపుకి చల్లగాలి తగిలింది, తర్వాత మెడకి. ఆపమంటే ఉపన్యాసం ఆగుతుంది, ఆపకపోతే నాకు బోడిగుండే. ముందు నుయ్యి, వెనక కత్తెర! చెవి దాకా వచ్చాక ఇక లాభంలేదని మెల్లిగా లేచి మెట్లు దిగేశాను.

ఖాళీ కుర్చీ మీద కత్తెర ఇంకా ఆడుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. ఆయన తలెత్తాడు. ఎదురుగా వీధి వీధంతా ముఖాలే. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

"నాకు భయం," అన్నాడు. "ముఖాలు చూసి మాట్లాడాలంటే చచ్చేంత భయం. మీ తలలు మాత్రం బాగా తెలుసు. ఎవరికి ఎక్కడ సుడి ఉందో, ఎవరికి ఎప్పుడు తొలి తెల్లవెంట్రుక వచ్చిందో నాకు తెలుసు. మీకు చెప్పకుండా కత్తిరించేసినవీ ఉన్నాయి. నన్ను ఇక్కడే ఉండనివ్వండి."

కత్తెర జేబులో పెట్టుకుని దిగాడు. హాల్లో ఎక్కడ చూసినా ఎత్తిన చేతులే. షాపులు మిగిలాయి. మిగలనిది నా జడే.

ఇంటికి రాగానే, "నీకో మాట చెప్పాలి," అన్నాడు. అలవాటు కొద్దీ బీన్సూ చాకూ తెచ్చి ముందు పెట్టాను. వాటిని పక్కకి జరిపి, కుర్చీ నాకెదురుగా లాక్కున్నాడు. నుదుటిమీద చెమట. అయినా చూపు తిప్పుకోలేదు.

"నువ్వు రాకపోతే అక్కడే కుప్పకూలేవాణ్ని. నీ జుట్టు చూస్తుంటే ఏడుపొస్తోంది," అన్నాడు.

నాకూ వచ్చింది.

"ఎడమవైపు కాస్త పొడుగ్గా ఉంది. సరిచేయనా?"

"కత్తెర ముట్టుకున్నారంటే చెయ్యి విరుస్తా! ఇలాగే కూర్చుని మాట్లాడండి."

కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తూ, చాలాసేపు మాట్లాడాడు. ఆ పూట మేం బీన్సు తినలేదు.